సగటులో తగ్గిన మోత

నగరంలో వాహనాల మోతను తగ్గించడానికి హారన్ కొట్టేవారిని అదుపు చేయడం, సైలెన్సర్ పీకేసిన బైకులను పట్టుకోవడం వంటి కష్టసాధ్యమైన మార్గాలు కొన్ని ఉన్నప్పటికీ, పాలనా దృష్టితో చూస్తే వాటన్నింటికన్నా సులువైనదీ, ఎవరికీ కోపం తెప్పించనిదీ కొలిచే పద్ధతిని సవరించుకోవడమే.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగటి పరిమితి 65 డెసిబెళ్లు. డెసిబెల్ లాగరిథమ్ కొలమానం గనుక, అది 10 పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. ఒక కూడలిలో ఒక గంట 75, మరో గంట 55 నమోదైతే, శక్తి లెక్కన తీసిన సగటు, అంటే శాస్త్రజ్ఞులు తుల్య ధ్వని స్థాయి అని పిలిచేది, 72 అవుతుంది. రెంటినీ కూడి రెండుతో భాగించే ఎలిమెంటరీ స్కూలు చదువును మరవని గుమాస్తాకు మాత్రం సరిగ్గా 65 వస్తుంది. ఒక్క హారనూ ఆగలేదు, చట్టమూ నెరవేరింది.

లెక్క తెలిసిన గుమాస్తా తగిలినా దిగులు పడనక్కరలేదు. ఎడతెగని రద్దీ ఉన్న రోడ్డు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 3 డెసిబెళ్లు తగ్గుతాయి గనుక, 5 మీటర్ల దూరంలోని మైకును భద్రత పేరిట 40 మీటర్ల అవతలికి జరిపితే 9 డెసిబెళ్లు కలిసివస్తాయి. బంద్ రోజో, ఆదివారం పొద్దున్నో చూసి పది నిమిషాలు కొలుచుకునే సౌకర్యానికి మాత్రం 2011లో కొంత విఘాతం కలిగింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ఏడాది హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో రేయింబవళ్లు కొలిచే కేంద్రాలు మొదలుపెట్టి, అబిడ్స్ లాంటి చోట కూడా మైకు నిలబెట్టింది.

అయితే మైకును నిలబెట్టడం వేరు, నిలబెట్టుకోవడం వేరు. గాలి హోరును ఆపే స్పాంజి తొడుగు దుమ్ము పట్టి, వాన పీల్చి, ఎండకు పొడిపొడిగా రాలుతుంటే లోపలి పొర సున్నితత్వం మారిపోతుంది. అందుకే 94 డెసిబెళ్ల స్థిరధ్వనినిచ్చే క్యాలిబ్రేటర్‌ను మైకుకు తొడిగి, అంకె సరిగా పలుకుతోందో లేదో తరచూ చూడాలి, తేడాను రాసిపెట్టాలి. ఆ రాత లేని చోట, ఏటేటా కిందికి దిగే గ్రాఫులో తగ్గింది ఊరి మోతో మైకు వినికిడో తేల్చగలవారు ఉండరు. పాడైన మైకు తీసి కొత్తది బిగించిన నెలలో మోత ఒక్కసారిగా ఎగబాకినట్లు కనిపిస్తుంది. అప్పుడు పాత మైకునే తిరిగి అమర్చే అవకాశాలను పరిశీలించేందుకు త్రిసభ్య సంఘం ఏర్పాటవుతుంది.