సాకెట్ ఒకటే, సంబంధం కుదరదు!

కంప్యూటర్ నెమ్మదిస్తే కొత్తది కొనమని అమ్మేవాడు చెప్పడం సహజం. వింతల్లా కొనేవాడూ తలూపడమే. 2017 అక్టోబరులో ఇంటెల్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తెచ్చింది. సాకెట్‌లో అవే 1151 కాంటాక్టులు. అయినా ఏడాది నిండని 200 సిరీస్ మదర్‌బోర్డుల్లో పనిచేయవంది. కరెంటు సరఫరా అమరిక మారిందట! జాతకాలు కలిశాక గోత్రం అడ్డొచ్చినట్టు. అదే ఏడాది వచ్చిన ఏఎండీ ఏఎం4 బోర్డులు చాలావరకు బయాస్ అప్‌డేట్‌తో 2022 నాటి రైజెన్ చిప్‌లనూ మోస్తున్నాయి. ఇందులో ఇంజనీరింగ్ ఎంతో, వ్యాపారం ఎంతో అని అనుమానపడితే తప్పా?

పోనీ, పాత కంప్యూటర్‌నే సొంతంగా విప్పి మార్చుకుందామంటే పాడవుతుందంటారు. స్టాటిక్ కరెంటు భయం నిజమే. ప్లగ్గు పీకి, కేబినెట్ రేకును తాకితే చాలావరకు తీరుతుంది. ర్యామ్‌ను తిరగేసి పెడదామన్నా గాడి ఒప్పుకోదు. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ బిగిస్తే ముసలి యంత్రానికీ ఊపొస్తుంది. వారంటీ పోతుందా? ఏడేళ్ల పెట్టెకు పోవడానికి వారంటీ ఏం మిగిలిందని! అసలు చిక్కల్లా కొన్ని బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లతోనే. వాటి పవర్ సప్లై కొలత వేరు, కనెక్టర్ వేరు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఎంత మంచి పవర్ సప్లై కొన్నా, అది ఆ పెట్టెలో కూర్చోదు.