ప్యానెల్ సారు

మూసాపేట మెట్రో మెట్లు దిగే జనంలో ఐటీ వాళ్లెవరో, సర్కారు బడి సారెవరో పోల్చుకోవడం ఈ రోజుల్లో కష్టం. ఇద్దరి మెడలోనూ ఐడీ కార్డు, ఇద్దరి వీపునా ల్యాప్‌టాప్ సంచి. జిప్పు తీస్తే తేడా తెలుస్తుంది. సారు సంచిలో ల్యాప్‌టాప్ ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్లు, పెన్‌డ్రైవు, పసుపు గుడ్డ ఉంటాయి. ఎందుకైనా మంచిదని టిఫిన్ డబ్బా పక్కన నాలుగు సుద్దముక్కలూ ఉంటాయి.

ఈయనే ప్యానెల్ సారు. లెక్కలు చెప్తారు. ఈ రకం ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది గానీ మూసాపేట రకానికి ధీమా కాస్త ఎక్కువ. కైతలాపూర్ ఫ్లైఓవర్ దాటితే హైటెక్ సిటీ దారే కదా! "సైబర్ టవర్సూ నేనూ ఒకే బ్యాచ్" అంటారు. ఆ భవనం 1998లో ప్రారంభమైంది, ఈయనది డీఎస్సీ తొంభై ఎనిమిది. ఆ తర్వాత ఎవరెంత ఎదిగారన్నది మనం అడగకూడదు.

కరోనాకు బళ్లు మూతబడి, 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు ఈయనకు డిజిటల్ యోగం పట్టింది. పాఠం టీవీలో ఇంకెవరో చెప్పేవారు. పిల్లలు చూస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం ఈయన వంతు. "మా పోరడు చూస్తుండు సార్" అని మాదాపూర్‌లో సెంట్రింగ్ మీద నిలబడ్డ తండ్రి హామీ ఇచ్చేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆ తండ్రి చేతిలోనే ఉండేది. సారు రిజిస్టరులో టిక్కు కొట్టేవారు. పాఠం వేరు, పాఠం జరిగినట్టు చూపించడం వేరు అన్న జ్ఞానం ఈయనకు అప్పుడే కలిగింది.

ఆ తర్వాత బడికి ప్యానెల్, అంటే వేలితో రాసే డిజిటల్ తెర, వచ్చింది. దసరా ఆయుధపూజకు పెట్టిన బొట్లు దాని ఫ్రేము మీద ఇంకా ఉన్నాయి. సారు గుడ్డ తీస్తారు, తుడుస్తారు, స్విచ్చేస్తారు, రెండడుగులు వెనక్కి వేస్తారు. తెర మీద నీలం రంగు వస్తుంది. అంతకుమించి ఏమీ రాదు.

"సార్, ఇన్‌పుట్ మార్చాలె సార్" అంటాడు చివరి బెంచీ వాడు. వాళ్లన్నయ్యకు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. ఎక్కాలు పదమూడు దగ్గరే ఆగిపోయినా, ఆ తరగతికి ఐటీ డిపార్ట్‌మెంటు మొత్తం వాడే. వాడు రాకపోతే సారుకు చెయ్యి ఆడదు. అందుకే బడిలో నూటికి నూరు హాజరు వాడొక్కడిదే.

త్రిభుజం గీయడానికి సారు అరచెయ్యి తెరకు ఆనిస్తారు. నల్లబల్ల మీద ఇన్నేళ్లుగా అలవాటైన చెయ్యి! తెర ఆ చేతిని కూడా వేలే అనుకుంటుంది. త్రిభుజానికి నాలుగో భుజం, ఆపైన తోక మొలుస్తాయి. చెరిపాక సారు వేళ్లు విదిలించి, లేని సుద్దపొడిని ఉఫ్‌మని ఊదుకుంటారు. వీడియో పెడితే ముందు గోల్డ్ లోన్ ప్రకటన వస్తుంది. పిల్లలకు వడ్డీ శాతంతో సహా అది కంఠస్థం. బారువడ్డీ అధ్యాయం ఆ తరగతికి తేలిగ్గా ఎక్కిందంటే పుణ్యం ఆ ప్రకటనదే, పాఠానిది కాదు.

ఒకరోజు ఫోన్‌ని తెరకు కలిపి క్షేత్రగణితం చూపిస్తుంటే, శంకువు నెత్తిన ఇంటి నుంచి మెసేజ్ వచ్చి కూర్చుంది: "ఎర్రగడ్డ రైతు బజార్లో కొత్తిమీర. పోయినసారి లాగా ముదురుది వద్దు." ఇప్పుడు సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే తరగతి మొత్తం ముక్తకంఠంతో గుర్తు చేస్తుంది: "సార్, కొత్తిమీర!"

2025 ఆగస్టు 1 నుంచి ఫోనుకు ముఖం చూపిస్తే గానీ హాజరు పడదు. పెళ్లిచూపులకు కూడా అంత శ్రద్ధగా తల దువ్వుకోని సారు, రోజూ పొద్దున్నే వేపచెట్టు కింద వెలుతురూ సిగ్నలూ కలిసే చోటు వెతుక్కుని కదలకుండా నిలబడతారు. సుద్దలు మోసుకొచ్చే పిల్ల అటువైపు వస్తే, పెదాలు కదపకుండా "జరగమ్మా" అంటారు.

మొన్న పైథాగరస్ సిద్ధాంతం మధ్యలో కరెంటు పోయింది. సారు కాసేపు నల్లటి తెర వైపు చూసి, సంచిలోంచి సుద్దముక్క, స్టోరు రూములోంచి పురికొస తెచ్చారు. తాడుకు సమాన దూరాల్లో ముడులు వేయించి, మూడు, నాలుగు, అయిదు పాళ్లుగా ముగ్గురు పిల్లల చేత పట్టించి లాగించారు. మూల నిక్కచ్చిగా తొంభై డిగ్రీలకు వచ్చింది. "మా నాయిన గిట్లనే మూలమట్టం చూస్తడు సార్, పునాది తీసేటప్పుడు" అందో పిల్ల. "మరి మీ నాయినకు తొమ్మిదీ పదహారూ కలిపితే ఇరవై అయిదని ఎవరు చెప్పారే?" అన్నారు సారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. కొత్తిమీర కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

అయితే ఆ హడావుడిలో ఫొటో తీయలేదు. డిజిటల్ తరగతి ఫొటో టీచర్ల వాట్సాప్ గ్రూపులో పడకపోతే ఆ పీరియడ్ లెక్కలోకి రాదు. అందుకని మర్నాడు కరెంటు ఉండగా, అదే తాడు, అదే ముగ్గురు పిల్లలు, వెనకాల వెలుగుతున్న ప్యానెల్‌తో సారు ఫొటో తీసి పెట్టారు. తెర మీద "నో సిగ్నల్" అని స్పష్టంగా కనిపిస్తోంది. అయినా బొటనవేళ్లు వరసగా పడ్డాయి. కాసేపటికి హెచ్‌ఎం మేడమ్ నుంచి విడిగా మెసేజ్ వచ్చింది: "బాగుంది సార్. ఆ తాడు కనపడకుండా ఇంకొకటి తీసి పంపండి, పైకి పంపాలి."