కొండ దిగే చెక్క

1992లో అమెరికాలో మంచు మీద బోర్డుతో జారే ముగ్గురు మిత్రులకు ఎండాకాలం ఏం చేయాలో తోచలేదట. చెక్కకు గాలి టైర్లు బిగించే పనిలో పడి, మరుసటేడే కంపెనీ పెట్టేశారు. ఆ చెక్క పేరు మౌంటెన్‌బోర్డు. చాలావాటికి బ్రేకుండదు. ఆగాలంటే అడ్డం తిప్పాలి, లేదా పడాలి. రెండోది తేలిక.

ఈ ఆటను లోకానికి చాటాలని ఇప్పటికీ నలుగురు కుర్రాళ్లు వ్యానెక్కుతుంటారు. కొండ దిగడం రెండు నిమిషాలు, బోర్డు మోసుకుంటూ ఎక్కడం అరగంట, మిగతా రోజంతా పెట్రోలు బంకుల వెతుకులాట. అసలు వ్యాయామం ఆ మోతే. పాపం, వాళ్లు తీసే వీడియోలో అదొక్కటీ ఉండదు! జనం గుమిగూడరా అంటే గుమిగూడతారు, పడ్డవాణ్ణి లేపడానికి. చేతికి పిండికట్టుతో ఒకడు "భలే సరదా ఆట, రండి" అని పిలుస్తుంటే, తల్లులు పిల్లల రెక్క పట్టుకుని ఇంటిదారి పడతారు.

వాళ్ల సంగతి సరే, ఒకప్పుడు మెకానిక్ షెడ్డులో అరిగిన బేరింగులు అడుక్కొచ్చి, చెక్కకు బిగించి, వీధివాలులో దొర్లిన మన పిల్లలకు స్పాన్సరెవడు? వ్యానేది? అయినా మోకాలు చెక్కుకుపోయిన సాయంత్రమే ఊరంతా ప్రచారం జరిగిపోయేది, అమ్మ గొంతుతో.