జర జరుగన్నా, సైకిలొస్తుంది

రైల్లో సైకిలు ఎక్కించి తోటి ప్రయాణికులను ఇబ్బంది పెట్టే విషయంలో సూర్యాపేట, కోదాడల రికార్డు మచ్చలేనిది. ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క తగువు లేదు. ఎందుకంటే ఆ రెండు ఊళ్లకూ ఎక్కడానికి రైలే లేదు.

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రైలు మాత్రం ఎన్నికల ప్రసంగాల్లో వచ్చి, ఓట్ల లెక్కింపు రోజున వెళ్లిపోతుంది. కోదాడ వాళ్ల అదృష్టం మరో రకం. పక్కనున్న మేళ్లచెరువు మీదుగా విష్ణుపురం దాకా పట్టాలున్నాయి. వాటి మీద ప్రధానంగా తిరిగేది సిమెంటు. మనిషిగా పుట్టే బదులు యాభై కిలోల బస్తాగా పుట్టి ఉంటే కోదాడ పౌరుడికీ రైలు యోగం పట్టేది.

దాంతో ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఈ మూడు పట్టణాల సైకిలు–రైలు సమస్యనంతా రైలున్న మిర్యాలగూడ ఒక్కటే మోస్తోంది.

సూర్యాపేట, కోదాడ లాంటి హైవే ఊళ్లకు సైకిలు ప్రయాణం తెలియదనుకుంటే పొరపాటు. ఎర్రబస్సుకు వెనక నిచ్చెన, పైన కడ్డీల క్యారియర్ ఉన్న రోజుల్లో సైకిలు దర్జాగా టాపెక్కేది. కండక్టర్‌తో లగేజీ టికెట్ బేరం, తాడు ముడి, అంతే. మనిషి లోపల, సైకిలు పైన. ఒకరి మోకాలికి ఇంకొకరి పెడల్ తగిలే ప్రసక్తే లేదు. ఇప్పటి సూపర్ లగ్జరీల నెత్తి నున్నగా ఉంది. కింద డిక్కీ ఉంది గానీ, అందులో సైకిలుకు చోటు అడిగితే డ్రైవరు ముఖం చూడాలి.

ఇక రైల్వే వారి లెక్క వినండి. జనరల్ టికెట్‌కు 35 కిలోలు, స్లీపర్‌కు 40 కిలోలు, ఏసీ ఫస్ట్‌క్లాసుకు 70 కిలోల సామాను ఉచితం. ఈ ఉచితంలో సైకిలుకు వాటా లేదు. అది పద్నాలుగు కిలోలే తూగినా సరే, పార్సిల్ ఆఫీసుకు వెళ్లి, టికెట్ చూపించి, బుక్ చేసి, చీటీ కట్టించి లగేజీ వ్యాన్‌కు అప్పగించాల్సిందే. సామాను బుక్ చేయకుండా పట్టుబడితే మామూలు లగేజీ రేటుకు ఆరు రెట్లు. బోగీలోకి తెచ్చే పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం దాటకూడదు. సైకిలు హ్యాండిలే ఆ మందానికి రెట్టింపు ఉంటుంది. మొత్తం మీద సైకిలు ప్రయాణించేది గార్డుగారి పొరుగున. ఆయన్ను 2022 జనవరి నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు కాబట్టి సైకిలు హోదా కూడా ఆ మేరకు పెరిగినట్టే.

నియమం చెడ్డదేమీ కాదు. చిక్కంతా మిర్యాలగూడ ప్లాట్‌ఫారం మీద ఉంది. విశాఖ, నారాయణాద్రి, ఫలక్‌నుమా వంటి ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగేది నిమిషం, మహా అయితే రెండు. ఆ నిమిషంలో జనరల్ బోగీ కోసం ఒక కొసకు పరుగెత్తాలా, సైకిలు ఎక్కిందో లేదో చూడ్డానికి ఇంకో కొసకు పరుగెత్తాలా? సైకిలిస్టులు దేహదారుఢ్యం గలవారే గానీ, ఇద్దరుగా విడిపోయేటంత కాదు. సికింద్రాబాద్ – తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్‌లో ఈ దారినే పరుగు మొదలెట్టింది. దానికి అసలు లగేజీ వ్యానే లేదు; ప్రశ్నను కూకటివేళ్లతో తీసేశారు.

అయితే జనరల్ బోగీలో సైకిలు పెట్టనివ్వాలా? వద్దనే ఈ కాలమ్ అభిప్రాయం. ఆ బోగీలో నలుగురి సీట్లో ఆరుగురు, కాళ్ల కింద బియ్యం మూట, తలుపు దగ్గర కూరగాయల గంప, మరుగుదొడ్డి ముందు ఒక కుటుంబం. కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకున్నాయనకూ, ముందే వచ్చి కూర్చున్నాయనకూ నల్గొండ దాటినా పంచాయితీ తెగదు. అందులోకి గొలుసు నూనె కారుతున్న సైకిలును దింపి "జర జరుగన్నా" అంటే, జరగడానికి అన్నకు మాత్రం చోటేదీ?

సైకిళ్ల మీద తెలంగాణకు ప్రేమ లేదనలేం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, తొక్కేవాడికి ఎండ తగలదు. అక్కడ తొక్కాలని మిర్యాలగూడ కుర్రాడికి మోజు పుడితే నూటయాభై కిలోమీటర్లు ముందు ఎండలో తొక్కుకుంటూ పోయి, ఆ తర్వాత నీడలో తొక్కాలి.

కోపెన్‌హాగన్ లోకల్ రైళ్లలో 2010లో సైకిలుకు టికెట్ ఎత్తేశారు. ఏటా 21 లక్షలుండే సైకిలు ప్రయాణాలు కొన్నేళ్లలో 90 లక్షలయ్యాయి. ఊరికే "రండి" అని ఊరుకోలేదు. సీట్లు పీకి, మడత సీట్లు వేసి, సైకిళ్లకు విడిగా చోటు చేశారు. నెదర్లాండ్స్ అంతటి సైకిళ్ల దేశంలోనే మామూలు రోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా పూర్తి సైజు సైకిలును రైలెక్కనివ్వరు. మనకు అంత దూరమెందుకు, 2020లో కొచ్చి మెట్రో సైకిళ్లను లోపలికి రానిచ్చింది. యూరప్‌లో పని చేసింది ఉదారత కంటే గడియారం, టేపు.

రాత్రి ఎక్స్‌ప్రెస్‌ను వదిలేయండి. కాచిగూడ – మిర్యాలగూడ ప్యాసింజర్ ఉంది. కాలేజీ, ఆఫీసు రద్దీ లేని వేళ ఒక బోగీ చివర నాలుగు కొక్కేలు బిగిస్తే ఎవరి సీటూ పోదు. యూరోపియన్ యూనియన్ కొత్త రైళ్లకు పెట్టిన నియమంలోనూ సంఖ్య అదే, కనీసం నాలుగు సైకిళ్లు. కొక్కేల ఖర్చు రైల్వే బోర్డును కుదిపేసేంత ఉండకపోవచ్చు. గుంటూరు – బీబీనగర్ రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యాక రైళ్లు పెరిగితే, కొక్కేల సంగతి అడగడానికి అవే రైళ్లెక్కి సికింద్రాబాద్ రైల్ నిలయానికి వెళ్లొచ్చు.

ఈలోగా తొందరున్నవాళ్లు మడత సైకిలు కొనుక్కుంటున్నారు. మడిచినా అది 25 సెంటీమీటర్ల మందంలో ఇమడడం అనుమానమే. కానీ టేపు పట్టుకుని కొలవాలంటే టీటీఈ జనరల్ బోగీలోకి రావాలి. ఆయనకైనా అక్కడ కాలు మోపే చోటు దొరకాలి.