సర్దుకుపోయే మనిషి

బెజవాడ నుంచి బందరు వెళ్లే పల్లెవెలుగు బస్సు వుయ్యూరు చేరేసరికి ముగ్గురి సీటుకి నాలుగో ఆవిడ వస్తుంది. "కొంచెం సర్దుకోండమ్మా" అంటుంది. ఈ మాట ఎప్పుడూ నిలబడ్డవాళ్లే అంటారు. కూర్చున్నాక అదే మనిషి సంచీ పక్కన పరిచేసి, ఐదో ఆవిడతో "జాగా ఏదీ, కనపట్లా?" అంటుంది. పామిడిముక్కలలో దిగాల్సిన నేను ఆ సీటు అంచున, ఒక కాలు దారిలో పెట్టుకుని, సర్దుకుపోవడమంటే ఏమిటో చిన్నప్పుడే నేర్చుకున్నాను.

పెళ్లిళ్ల పేరయ్య "సర్దుకుపోయే పిల్ల కావాలిట" అన్నాడంటే అవతలింట్లో గది ఒకటీ ఆడపడుచులు ముగ్గురూ అన్నమాట. అబ్బాయికి ఈ విశేషణం తగిలించకూడదు. "మావాడు సర్దుకుపోతాడండీ" అంటే ఏం లోపముందోనని ఊరంతా వాకబు చేస్తారు. ఇంటి ఓనరు వంటగది చూపించి "సర్దుకోవచ్చు" అన్నాడంటే, పొయ్యి లోపలుంటుంది, మనం వాకిట్లోంచి గరిటె తిప్పుకోవాలి.

డబ్బు దగ్గర ఇదే మాట వేషం మారుస్తుంది. "ఓ పదివేలు సర్దు" అంటే అప్పు. అది తిరిగి రానప్పుడు పెద్దమనుషులు సర్దిచెబుతారు, ఇచ్చినవాడికి. కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీ అని ఓ వరసుంటుంది. ఎప్పుడో వాడేసి, కట్టేసి, మరిచిపోయిన కరెంటు మళ్లీ పలకరించడానికొస్తుందన్నమాట.

ఇక సీట్ల సర్దుబాటు. 2024 పొత్తులో మా బందరు లోక్‌సభ సీటు జనసేనకి వెళ్లింది. 2019లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన ఎంపీగారే ఈసారి గాజుగ్లాసు మీద గెలిచారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. ఆ ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం మా పక్క పామర్రు మండలంలో, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఊరేం గొడవ చెయ్యలేదు, సర్దుకుంది.

నన్నడిగితే ఈ విశేషణానికి అసలు హక్కుదారు మా డెల్టా మినుము. వరి ఇంకా కోయకముందే, నిలబడ్డ చేలోనే విత్తనం చల్లేస్తారు. దుక్కి ఉండదు. కోతవాళ్ల కాళ్ల కింద నలుగుతుంది, మాగాణిలో మిగిలిన తడితో పెరుగుతుంది, కిక్కురుమనకుండా కాపు కాస్తుంది. ఇంత సర్దుకున్నందుకు దాన్ని నానబోసి, రుబ్బి, నడిమధ్య చిల్లు పెట్టి నూనెలో వేస్తాం.

సర్దుకోనని తెగేసి చెప్పింది మా వైపు సత్యభామ ఒక్కతే. పక్క మొవ్వ మండలంలోదే కూచిపూడి. భామాకలాపంలో ఆవిడ కంటే ముందు ఆవిడ జడ తెర మీంచి ఇవతల పడుతుంది, నన్ను మించినవాళ్లుంటే రమ్మని. ఆ జడ తరతరాలుగా మగవాళ్లే కట్టుకున్నారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషం కడితే ఆడవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్లు. మా పెదనాన్న తెల్లవార్లూ ఆట చూసొచ్చి, అరుగు మీద కూర్చుని భామ పౌరుషాన్ని పొగిడి పొగిడి, మధ్యలో కాఫీ ఆలస్యమైందని లోపలికి కేకలేసేవాడు.

"ఆడదాని పౌరుషం ఈయనకి నచ్చాలంటే మగాడే వెయ్యాలే" అనేది పెద్దమ్మ, తాపీగా పొయ్యి రాజేస్తూ.