రావు సాబ్ స్పెషల్ బ్లెండు

ఇంజిన్ ఆయిల్ తయారుచేసే కంపెనీలు అనవసరంగా శ్రమపడుతున్నాయి. బేస్ ఆయిల్ ఎంచుకోవడం, అందులో డిటర్జెంటు ఎంత, అరుగుదల ఆపే మందు ఎంత అని తూచడం, ఆ పైన నిజం ఇంజిన్లను బెంచి మీద బిగించి గంటల తరబడి తిప్పడం, విప్పి పిస్టన్ మీద మసి కొలవడం... ఇంత తతంగం దేనికండీ? మా బిలాస్‌పూర్ వస్తే ఏ గ్యారేజీ కుర్రాడైనా అంతకంటే గొప్ప ఆయిల్ రెండు నిమిషాల్లో చేసి చూపిస్తాడు. ఈ డబ్బాలో మిగిలిన ముప్పావు లీటరు, ఆ డబ్బా అడుగున ఉన్న లీటరు, ఇంకా తక్కువపడితే మూలనున్న డ్రమ్ములోంచి ఒక మగ్గు. గరాటు పెట్టి ఒంపడమే. "హో గయా, రావ్ సాబ్!"

మా ఊళ్ళో గ్యారేజీ వాళ్ళకి తెలుగువాళ్ళందరూ రావు సాబులే. ఇంటిపేరేదైనా, కులమేదైనా, అసలు పేరు చివర రావు లేకపోయినా సరే. ఈ రావు సాబ్ మామూలు మనిషి అయితే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. ఆయన రైల్వే మనిషి. నూనె విలువ తెలిసిన వంశం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ళు నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను పూర్తి చేసింది 1891లో. ఆ కంపెనీ రోజుల్లోనూ, ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎంతోమంది ఉద్యోగాలకని ఇటు బండెక్కారు. ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు. 2003లో దక్షిణ తూర్పు మధ్య రైల్వేకి ఈ ఊరే కేంద్రం అయ్యేసరికి ఆ కుటుంబాల్లో మూడో తరం, నాలుగో తరం కూడా డ్యూటీలో ఉంది. స్టీమ్ ఇంజిన్ దగ్గర పనిచేసిన ఆ తాతలకి సిలిండర్ ఆయిల్ వేరు, యాక్సిల్ ఆయిల్ వేరు. ఆవిరి వేడికి తట్టుకోవాల్సింది చిక్కగా ఉండేది, ఇరుసు దగ్గర పోసేది పల్చగా ఉండేది. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తే "నూనె నూనే కదా సార్" అని ఫోర్‌మన్ ముందు నిలబడే ధైర్యం ఏ తాతకీ లేదు.

డీజిల్ రోజులొచ్చాక ఆ పట్టింపు ఇంకా ముదిరింది. రైల్వే డీజిల్ షెడ్డు అంటే అక్కడ నూనెకి ఒక ల్యాబు కూడా ఉంటుంది. లోకో క్రాంక్‌కేసులోంచి సీసాడు నూనె తీస్తారు. చిక్కదనం తగ్గిందా? డీజిల్ కలుస్తోందేమో. నీటి జాడ ఉందా? ఎక్కడో లీకు. స్పెక్ట్రోమీటరు మీద పెడితే రాగి ఇన్ని పీపీఎం, సీసం ఇన్ని పీపీఎం, ఇనుము ఇంత అని వస్తుంది. ఏ బేరింగు అరుగుతోందో ఇంజిన్ విప్పకుండానే చెప్పేస్తారు. మనిషికి రక్తపరీక్ష చేయించని ఇళ్ళున్నాయి గానీ నూనె పరీక్ష లేకుండా తిరిగిన రైల్వే డీజిల్ లోకో లేదు.

ఇందులో నాకు భలే నచ్చే ముచ్చట ఒకటుంది. 1999 నుంచి మన పట్టాల మీదికి వచ్చిన డబ్ల్యూడీజీ-4 లోకోలది అమెరికా ఈఎండీ డిజైను. ఆ ఇంజిన్లలో పిస్టన్ పిన్ను తిరిగే బేరింగుకి వెండి పూత ఉంటుంది. కారు ఆయిల్‌లో అరుగుదల ఆపడానికి వేసే ముఖ్యమైన మందు జింకు సమ్మేళనం. కారు ఇంజిన్‌కి అది కవచం. ఈఎండీ ఇంజిన్‌లో పడితే మాత్రం ఆ వెండినే కొరుక్కు తింటుంది. అందుకని వాటికి జింకు లేని ఆయిలే పోస్తారు. ఒక ఇంజిన్‌కి మందైనది పక్క ఇంజిన్‌కి విషం. "మంచి ఆయిల్" అనే మాటకి, ఏ ఇంజిన్‌కి అని చెప్పకపోతే, అర్థమే లేదన్నమాట.

ఇదంతా పగలు. డ్యూటీ దిగి సాయంత్రం రావు సాబ్ తన కారులో గ్యారేజీకి వెళ్తాడు.

"కౌన్‌సా డాలూఁ, రావ్ సాబ్?"

"జో హై, డాల్ దో."

ఉన్నదేదో పొయ్యి! ముప్పై ఏళ్ళు ల్యాబు రిపోర్టు లేకుండా లోకోని కదలనివ్వని నోటి నుంచి వచ్చే మాట ఇది. ఎనిమిది లక్షలు పోసి కొన్న సొంత కారు కన్నా సర్కారు ఇంజిన్ ముద్దొచ్చిందంటే దేశభక్తి అనుకోవాలి, మరి.

ఇక ఈ మిశ్రమ మతానికి సిద్ధాంతకర్తలు కూడా తయారయ్యారు. వాళ్ళలో మొదటివాడు లెక్కల మాస్టారు. 5డబ్ల్యూ-30 కొంచెం, 20డబ్ల్యూ-50 కొంచెం కలిపితే సగటున ఏదో నడిమధ్య గ్రేడు వస్తుంది, మన ఊరికి అదే సరి అంటాడు. అయ్యా, డబ్ల్యూ ముందున్న అంకె పరీక్షలో వచ్చిన ర్యాంకు. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా స్టార్టరు ఇంజిన్‌ని తిప్పగలిగేంత పల్చగా ఉందని. 20డబ్ల్యూ ఆ పరీక్ష మైనస్ 15 దగ్గర రాసింది. రెండు ర్యాంకుల్ని కలిపి రెండుతో భాగిస్తే మూడో అభ్యర్థికి సీటు రాదు. రెండో అంకె సంగతి కూడా అంతే. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపుంటే 30, అక్కణ్ణించి 16.3 లోపుంటే 40, ఆ పైన 50. మామూలు 30 గ్రేడు రెండు లీటర్లలో 50 గ్రేడు ఒక లీటరు పోస్తే వచ్చేది సుమారు 30కీ 40కీ మధ్య గడప మీద కూచుంటుంది. ఇటా అటా అన్నది ఆ రోజు గ్యారేజీలో ఏ డబ్బాలో ఎంత మిగిలిందో దాన్ని బట్టి.

రెండోవాడు వాతావరణ శాస్త్రజ్ఞుడు. "మే నెలలో మన బిలాస్‌పూర్ ఎండ చూశారా? 45 దాటుతుంది. పల్చటి ఆయిల్ నీళ్ళయిపోదూ? అందుకే కాస్త చిక్కటిది తగిలించమన్నాను." వినడానికి ఎంత బావుందో! మా ఎండ గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మాలనిపిస్తుంది, అంత ఎండ. కానీ ఇంజిన్ లోపలి వేడిని నడిపేది ఆకాశం కాదు, థర్మోస్టాటు. బయట 25 ఉన్నా 45 ఉన్నా కూలెంటుని అది 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. ఆయిల్ దాదాపు 100 దగ్గర పనిచేస్తుంది. ఆ సంగతి తెలిసే గ్రేడుని 100 దగ్గర కొలుస్తారు, బేరింగుల నలుగుడు లెక్కకి మళ్ళీ 150 దగ్గర కూడా కొలుస్తారు. మా మే నెల అంత దూరం రాలేదు, ఇంకా. కొన్ని మాన్యువళ్ళు వేడి ప్రాంతాలకి ఇంకో గ్రేడు కూడా ఒప్పుకుంటాయి, నిజమే. అలా రాసి ఉంటే నిక్షేపంగా పోయించండి, మొత్తం అదే పోయించండి. మాన్యువల్ ఒప్పుకున్నది ఆ గ్రేడుని, దాని తాలూకు లీటరు చుట్టాన్ని కాదు.

మూడోవాడు వియ్యాలవారి మధ్యవర్తి. సింథటిక్ ఖరీదు, మినరల్ చవక, రెండూ కలిపితే సెమీ సింథటిక్ ఇంట్లోనే తయారు! డబ్బా మీద సెమీ సింథటిక్ అని రాసి అమ్మేది కూడా కలిపిందే కదా అని వాదన. కలిపిందే. కాకపోతే కలిపినవాడు ఆ కలిపినదానికి సరిపడా మందులు వేసి, కలిపిన తర్వాత పరీక్షకి పంపాడు. మనవాడు కలిపిన తర్వాత టీకి పంపాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే నేను కూడా అవతలి గుంపులో చేరినట్టవుతుంది. ఆ గుంపు ఇంకో రకం. రెండు బ్రాండ్లు కలిస్తే పెరుగులా గడ్డకట్టి ఇంజిన్ పట్టేస్తుందని బెదిరించేవాళ్ళు. అదేం జరగదు. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్ర ఉన్న ప్రతి ఆయిలూ మిగతా ఆయిళ్ళతో విడిపోకుండా కలవాలన్నది ఆ ముద్ర ఇచ్చే పరీక్షల్లోనే ఒకటి. రతన్‌పూర్ దాటి కట్‌ఘోరా దారిలో డిప్‌స్టిక్ మీద నూనె కింది గీతకన్నా దిగితే, దొరికిన కొట్లో దొరికిన ఆయిల్ అర లీటరు పోసుకుని బయల్దేరండి. నూనె లేకుండా నడపడం కన్నా కలగూర నూనె వెయ్యి రెట్లు నయం. అది ఆపద్ధర్మం. ఇంటికొచ్చాక దింపి కొత్తది పోయించుకుంటే పీడా పోయింది. నా గొడవ ఆపద లేని ఆపద్ధర్మం మీద. ఉన్న నూనంతా దింపేసి, ఖాళీ ఇంజిన్ ముందు తీరిగ్గా నిలబడి, మళ్ళీ నాలుగు రకాలు పోయడం మీద.

మా ఊరికి ఇందులో ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. అది బొగ్గు. కోర్బా గనుల లారీలు, టిప్పర్లు ఇటు చుట్టుపక్కలే తిరుగుతాయి. వాటికోసం 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ డ్రమ్ములు డ్రమ్ములుగా దిగుతుంది. మంచి ఆయిలే, లారీకి. సీఐ-4 అనే ఆ రకం 2002 నాటిది, అందులో బూడిదకి హద్దేమీ పెట్టలేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. మసిని అది అప్పుడప్పుడూ కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోని లోహపు మందులు మిగిల్చే బూడిదని మాత్రం కాల్చలేదు. అది చేరుతూనే ఉంటుంది. అందుకే అలాంటి కార్లకి యూరప్ వాళ్ళ సీ3 లాంటి రకం చెబుతారు, అందులో బూడిద 0.8 శాతం మించకూడదు. మగ్గుడు లారీ నూనె పోసిన మరుక్షణం ఆ 0.8 మాట గాలికి పోయినట్టే. ఫలితం రేపే కనబడదు. అదే దీనిలో దుర్మార్గం. ఏడాదో రెండేళ్ళో పోయాక డ్యాష్‌బోర్డు మీద ఫిల్టరు లైటు వెలుగుతుంది, అప్పటికి మగ్గు ఎవరికీ గుర్తుండదు. రావు సాబ్ పెట్రోలు బంకుని తిడతాడు.

చిన్న టర్బో పెట్రోలు కార్ల వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. ఆ ఇంజిన్లలో తక్కువ స్పీడులో, ఎక్కువ లోడు మీద, స్పార్కు రాకముందే మంట అంటుకునే జబ్బు ఒకటుంది. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంటు ఎక్కువైతే అది పెరుగుతుందని తేలాక దానికోసం ఏపీఐ 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ తెచ్చింది. ఎస్‌పీ డబ్బా కొని అందులో పాత డ్రమ్ము నూనె కలిపారంటే, జబ్బుకి మందు కొనుక్కుని, జబ్బుతోనే కలిపి మింగినట్టు.

అసలు ఈ కలపడం శాస్త్రం లోంచి పుట్టింది కాదు, డబ్బా సైజులోంచి పుట్టింది. చిన్న పెట్రోలు కారుకి పట్టేది మూడు లీటర్లు, ఓ చిటికెడు అటూ ఇటూ. కొట్లో అమ్మేది ఒక లీటరు, మూడు లీటర్లు, మూడున్నర. ఏ కారుకి పోసినా ఎంతో కొంత మిగులుతుంది. మిగిలింది కస్టమర్ అడగడు, గ్యారేజీ పారబోయదు. ఎవరో కొనుక్కున్న అర లీటరు మన కారులోకి, మనం కొన్న పావు లీటరు ఇంకెవరి కారులోకి. వసుధైవ కుటుంబకం. ఆ పక్కనే బిల్లులో మాత్రం నాలుగో లీటరు రేటు నిండుగా ఉంటుంది.

ఆ రావు సాబ్ ఇంటికే వెళ్ళి చూడండి. రైల్వే క్వార్టరు వెనక వరండాలో ఆవకాయ జాడీ. శ్రీకాకుళం నుంచి నువ్వుల నూనె విశాఖ బండిలో దిగాలి. నూనె పావు కిలో తగ్గిందని అమ్మగారికి చెప్పి "బుధ్వారీ బజార్లో రిఫైండ్ ప్యాకెట్టు తెచ్చి కలిపెయ్యనా?" అని అడిగే ధైర్యం రావు సాబ్‌కి ఉందా? "మతుందేటి మీకు? అటూ ఇటూ నూనెలు కలిపితే ఏడాది నిలవుంటాదా?" అని ఆవిడ ఒక్క మాటంటే మళ్ళీ వచ్చే వేసవి దాకా నోరెత్తడు. ఆవిడనే ఆయిల్ మార్పించడానికి పంపితే ఈ వ్యాసమే ఉండేది కాదు.

గ్యారేజీ వాళ్ళు డోరు ఫ్రేము మీద ఒక స్టిక్కరు అంటిస్తారు. ఇవాళ్టి కిలోమీటర్లు, మళ్ళీ రావాల్సిన కిలోమీటర్లు, తేదీ. ఆయిల్ గ్రేడు అని ఇంకో గడి కూడా ఉంటుంది. నేను చూసిన చాలా కార్లలో ఆ గడి ఖాళీ. ఒకదానిలో మాత్రం "అచ్ఛా వాలా" అని రాసి ఉంది. వచ్చేసారి ఆ గడి నింపితేనే డబ్బులిస్తానని చెప్పండి. ఒక్క రకమే పోస్తే ఏపీఐ పేరూ, గ్రేడూ రాయమనండి. కలిపాడా, అదీ రాయమనండి: ఈ డబ్బాలోంచి రెండు లీటర్లు, ఆ సీసాలోంచి ముప్పావు, డ్రమ్ములోంచి పావు, కింద సంతకం. షెడ్డులో అయితే అలాగే రాయిస్తారు కదా. వాడు తల గోక్కుని పెన్ను లేదంటాడు. రావు సాబ్ చొక్కా జేబులో రెండుంటాయి, ఒకటి ఇమ్మనండి.