సీసాకు పేరెందుకు, డాక్టరుగారూ!

ఆత్మకూరు బస్టాండు దగ్గరో, ఉదయగిరి బజారులోనో కొత్తగా పళ్ల ఆస్పత్రి తెరిచారు కదా, శుభం. కుర్చీ దిగింది, ఎక్స్‌రే పెట్టె దిగింది, గాజు తలుపు మీద నవ్వుతున్న పన్ను బొమ్మ కూడా అంటించారు. ఇక లోపలి గదిలో సీసాలు చేరడమే తరువాయి. వాటితో ఎలా మసలుకోవాలో కాలేజీలో చెప్పిందంతా పరీక్షల వరకే. ఊళ్లో ప్రాక్టీసుకు వేరే శాస్త్రం ఉంది, చెబుతా వినండి.

ముందుగా, సీసాల మీద పేర్లు రాసే పాడు అలవాటు మానుకోండి. రూట్ కెనాల్ కడిగే హైపోను, అదే సోడియం హైపోక్లోరైట్‌ను, క్యాను లెక్కన కొని, తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలోకి వంచుకోండి. చూడ్డానికి దాదాపు నీళ్లే. పేషెంటు పుక్కిలించే నీళ్ల పక్కనే పెట్టుకుంటే చేతికి అందుబాటుగా ఉంటుంది. సిరంజీలూ అంతే. ఒకదాంట్లో మత్తుమందు, ఇంకోదాంట్లో హైపో ఎక్కించి ఒకే ట్రేలో పెడితే కవలపిల్లల్లా ముద్దొస్తాయి. మత్తు అనుకుని చిగుట్లోకి హైపో ఎక్కించిన సంఘటనలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. సూది దిగీ దిగగానే భగ్గుమని మంట, చూస్తుండగానే చెంప ఉబ్బడం, ఆ తర్వాత అక్కడి కండ చచ్చి ఊడిరావడం. అయితే ఏం? స్కెచ్ పెన్ను, స్టిక్కరు ముక్క ఖర్చు మిగిలింది కదా.

ఆ క్యానును పడమటి కిటికీ కింద, ఎండ బాగా తగిలే చోట పెట్టండి. వేడికీ వెలుతురుకీ హైపోలో సత్తువ చచ్చిపోతుందంటారు. మే నెలలో మన మెట్ట ప్రాంతపు ఎండ సంగతి మీకు చెప్పాలా! లేబుల్ మీద మూడు శాతం అని ఉంటుంది, లోపల ఎంత మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. పంటి వేర్లలో ఉన్న క్రిములు కూడా ప్రాణులే, బతకనివ్వండి.

సాయంత్రం ఉమ్ము గిన్నె కడిగే పని సిస్టరమ్మది. సిస్టరమ్మ అంటే నర్సింగు చదివిన మనిషని కాదు. దుత్తలూరు వైపు నుంచో వింజమూరు వైపు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చే పదో తరగతి పిల్ల. జీతం తక్కువ, ఓపిక ఎక్కువ. ఆ పిల్లకు ఏదీ వివరంగా చెప్పకండి. చెబితే ప్రశ్నలడుగుతుంది, గ్లవ్స్ కావాలంటుంది. గిన్నెలో హైపో పోసింది, మరక పోలేదు, పైన బాత్రూమ్ యాసిడ్ కూడా పోసింది అనుకోండి. బుస్సుమని క్లోరిన్ లేస్తుంది. 1915లో బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ గ్యాసునే. మీరు ముందు గదిలో ఏసీ వేసుకుని తలుపు బిడాయించుకోండి. దగ్గు వినిపిస్తే, ‘ఆ పిల్లకు దుమ్ము పడదు’ అని పేషెంటుకు చెప్పండి.

ఇక మీ అసలు బేరం గారపళ్లది. ఆ విషయంలో మీకంటే అదృష్టవంతులు లేరు. వాటికి మూలమైన ఫ్లోరిన్ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలోనే. షార్టూ, ఆయన తోటి వైద్యులూ 1937లో దాని గురించి రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా అంటే పొదిలి, దర్శి, కనిగిరి కూడా కలిసి ఉన్నది. 1970లో అవి కొత్త జిల్లాలోకి పోయాయి గానీ, బోరు నీళ్లకు జిల్లా సరిహద్దులు తెలియవు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. ఆ మాట పేషెంటు దగ్గర ఎత్తారో, బోరు నీళ్లు పరీక్ష చేయించుకుంటాడు, పిల్లలకు వేరే నీళ్లు పడతాడు, ఇరవై ఏళ్ల తర్వాత మీకు గిరాకీ ఉండదు. అందుకని నీళ్ల ఊసు వద్దు, గోధుమరంగు మరకను మాత్రం పట్టుకోండి.

దానికి యాసిడ్ వైద్యం ఉంది. 1916లోనే అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో వాల్టర్ కేన్ అనే డాక్టరు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఇలాంటి మరకలు తీశాడు. తర్వాతి వాళ్లు 18 శాతం యాసిడ్‌లో ప్యూమిస్ పొడి కలిపి, చిగుళ్లకు తగలకుండా రబ్బరు డ్యామ్ కట్టి, కళ్లకు అద్దాలు పెట్టి, సెకన్లు లెక్కపెట్టుకుంటూ రుద్దారు. పిరికివాళ్లు. మీరు హార్డ్‌వేర్ షాపులో యాసిడ్ సీసా తెప్పించి, దూది ముంచి రుద్దేయండి. డ్యామ్ కడితే పేషెంటు భయపడతాడు. మరకతో పాటు పింగాణీ పొరా పోతుంది, చిగురు తెల్లగా కాలుతుంది. పెళ్లిచూపుల లోపల మానిపోతుందని ధైర్యం చెప్పండి.

పాదరసం దగ్గరికొద్దాం. వెండి ఫిల్లింగులో బరువుకి దాదాపు సగం రసమే. ఇప్పుడు రసమూ పొడీ కొలతగా నింపిన క్యాప్సూళ్లు వస్తున్నాయి. దండగ. పాతకాలపు పెద్దలు కల్వంలో నూరి, ముద్దను అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, బట్టలో మూటగట్టి ఎక్కువైన రసాన్ని పిండేవారు. ఆ పిండే పని సిస్టరమ్మకు అప్పగించండి. రెండు చుక్కలు కింద పడి, బండల సందుల్లోకి దొర్లిపోతే చీపురుతో ఊడ్చేయమనండి. ఒక్క చుక్క వందై గది నలుమూలలా చేరుతుంది. ఆవిరికి వాసన లేదు, రంగు లేదు, మామూలు వేడికే లేస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆ పిల్ల వేలికున్న బంగారు ఉంగరం మాత్రం ఓ పూట తెల్లబడుతుంది. ‘కంసాలి దగ్గర కాల్పించుకో, రంగు తిరిగొస్తుంది’ అని సలహా ఇవ్వండి. కుంపటి మీద పెట్టగానే రసం ఆవిరై పోతుంది, పాపం కంసాలి పీల్చుకుంటాడు. ఈ విధంగా మీ క్లినిక్కు బజారు మొత్తానికీ ఉపయోగపడుతుంది.

పాదరసం వాడకం తగ్గించాలని మినమాట ఒప్పందమని ఒకటుంది, 2018లో మన దేశమూ అందులో చేరింది. పదిహేనేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్పనిసరైతే తప్ప వెండి ఫిల్లింగు వద్దని 2022లో దానికి సవరణ కూడా చేశారు. జపాన్‌లో చేపలు తిన్నవాళ్ల గొడవ అది, సోమశిల చేపలకేం సంబంధం! పీకిన పన్నులో వెండి ఫిల్లింగు ఉన్నా సరే పసుపు సంచిలోకి విసిరేయండి. కాల్చే చోట రసం పొగై పోతుంది, మీ కంట పడదు.

ఆటోక్లేవ్ కొనకండి. 121 డిగ్రీల ఆవిరి, పదిహేను పౌండ్ల ఒత్తిడి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు ఫార్మలిన్ బిళ్లలు వేసి పనిముట్లు పడేస్తే చాలు. క్రిములు చచ్చాయో లేదో తెలియదు గానీ, మూత తీసినప్పుడల్లా సిస్టరమ్మ కళ్లు చెమ్మగిల్లుతాయి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. మీరెలాగూ మూత తీయరు.

పనిముట్లు నానబెట్టే గ్లూటరాల్డిహైడ్ ద్రావణాన్ని కలపడానికి మాత్రం ఉదయగిరి చెక్క గరిటె వాడండి. చేతివృత్తిని ఆదుకున్నట్టూ ఉంటుంది. కలిపాక కడిగి వంటగదికి పంపండి, చెక్క దేన్నీ మరిచిపోదు.

కట్టుడు పళ్లకు కలిపే మోనోమర్ మూత తీసే ఉంచండి, పక్కనే మైనం కరిగించే స్పిరిట్ దీపం వెలిగించండి. పది డిగ్రీల వేడి చాలు, దాని ఆవిరి మంటను అందుకోవడానికి. పది డిగ్రీలు మన జిల్లాలో ఎవరు చూశారు గనక! వాడేసిన ఎక్స్‌రే ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, కాలవలో పోసేయండి.

మిగిలింది కాగితాల పని. ఏ మందు కంట్లో పడితే ఏం చేయాలో, ఏది దేంతో కలపకూడదో రాసిన పత్రాలు కంపెనీ వాళ్లను అడిగితే ఇస్తారు. అన్నీ తెప్పించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఇంగ్లీషులోనే ఉంచి, ఇనుప బీరువాలో తాళం వేయండి. తనిఖీకి ఎవరైనా వస్తే ఫైలు చూసి మెచ్చుకుంటారు. మీరు ఆత్మకూరులో రెండు రోజులు, ఉదయగిరిలో రెండు రోజులు, మిగతాది నెల్లూరులో కదా. తాళం చెవి మీ కారు తాళాల గుత్తికే తగిలించుకోండి.